ముసలి పిల్లికి మన చిట్కాలా?

ప్రొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే నావంటి నగరవాసికి పిల్లి సులువైన తోడు. ఆ సులువే నన్ను ఏమరచింది. 14 ఏళ్ళ మా పిల్లి నీళ్ళగిన్నె త్వరగా ఖాళీ అవుతుంటే వేసవి తాపమనుకున్నాను, చిక్కిపోతుంటే వయోభారమనుకున్నాను. పశువైద్యుడు రక్తపరీక్ష చేయించి, మూత్రపిండాలు క్షీణించాయన్నారు. ముసలి పిల్లులలో ఇది తరచుగా కనిపించే వ్యాధే.

అంతకుముందు ఆకలి పుట్టించాలని దానికి వెల్లుల్లి చారన్నం పెట్టబోయాను! మనకు మేలుచేసే వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. కర్పూరం, నీలగిరి తైలం దాని ఒంటికి పూయరాదు, నాకి మింగుతుంది. ఇక పారాసిటమాల్ ఒక్క మాత్రయినా ప్రాణం తీయవచ్చు. దాని విషాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి బహు స్వల్పం.

మన పూర్వులు ఏనుగులకు పాలకాప్యుని పేర, గుర్రాలకు శాలిహోత్రుని పేర వేర్వేరు శాస్త్రాలు ఏర్పరచారు. ఈ పుటలలోని చిట్కాలను నేనూ శ్రద్ధగా పాటిస్తాను, నా వరకే.

ఇప్పుడు బయలుదేరేముందు గిన్నెలో నీరెంత తగ్గిందో చూస్తున్నాను. నెలకోసారి పిల్లిని ఎత్తుకుని తూకపు యంత్రమెక్కి, నా బరువు తీసివేసి, మిగిలినది క్యాలెండరులో వ్రాసుకుంటున్నాను.