నల్లాకు పత్రములు, మోరీకి మౌనము

ఇంటిలోనికి నీరు వచ్చు దారి యొకటి, ఇంటినుండి నీరు పోవు దారి యొకటి. ఈ రెండును ఒకే ప్రవాహమునకు రెండు కొనలని బడిపిల్లవానికి సైతము తెలియును. కాని మన పట్టణముల పాలనలో ఈ రెండింటికి సంబంధమే లేనట్లు వ్యవహారము నడచుచున్నది. వచ్చు నీటికి పత్రము మీద పత్రము కావలెను. పోవు నీటిని గురించి అడుగువాడు లేడు. నల్లా కోరు పేదవానిని అనుమానించుట, మోరీని మలినపరచు కలవానిని ఉపేక్షించుట మన పురపాలనకు పరిపాటి యైనది. ఈ తలక్రిందుల నీతిని గూర్చి నిజామాబాదు, బోధను పట్టణవాసులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

మన ఇందూరు సీమ నీటికి దరిద్రమైనది కాదు. 1923లో ఆరంభింపబడి 1931 నాటికి ముగిసిన నిజాంసాగరు మంజీరను కట్టి మన పొలములకు మళ్ళించినది. ఆ కాలముననే అలీసాగరు వెలసినది. ఆ కాలువ నీటితో చెరకు పండినందుననే 1937లో బోధను చెంత శక్కరునగరులో నిజాం చక్కెర కర్మాగారము పుట్టినది. 1963లో గోదావరిపై పోచంపాడు ఆనకట్టకు పండిత నెహ్రూ శంకుస్థాపన చేసెను. రెండు నదుల నడుమ, ఇన్ని జలాశయముల సరసన నివసించు ప్రజలు బిందె నీటికై కార్యాలయపు మెట్లు ఎక్కి దిగుచుండుట దైవికమైన కరవు కాదు. మనుష్యులు చేసిన ఏర్పాటు. ప్రత్యేక రాష్ట్రమునకై ఉద్యమించిన దినములలో మనము ఎలుగెత్తి పలికిన మూడు మాటలలో మొదటిది నీళ్ళు. 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చినది. ఆ మొదటి మాట గడప దాటి వంటయింటికి చేరినదా యని అడుగుట మన విధి.

నల్లా కలుపు కోరువానిని పురపాలక కార్యాలయము ఏమి అడుగును? పట్టణమును బట్టి కొద్ది భేదమున్నను సారాంశ మిది: ఇంటి హక్కు పత్రము, ఇంటిపన్ను రసీదు, గుర్తింపు పత్రము, కలుపునకు రుసుము, రోడ్డు త్రవ్వినచో దానిని పూడ్చుటకు వేరు రుసుము. వీనిలో కొన్ని న్యాయమైనవే. రోడ్డు త్రవ్వినవాడు పూడ్చవలసినదే. ఎవరికి నీ రిచ్చుచున్నారో కార్యాలయమునకు తెలియవలసినదే. కాని హక్కు పత్రమెందులకు? నీరు త్రాగునది ఇంటి యజమానియా, ఇంట నివసించువాడా?

కొంతకాలము క్రిందట ఈ ప్రాంతపు ఒక పట్టణమునుండి ఒక బీడీ కార్మికురాలు నాయొద్దకు వచ్చినది. భర్త లేడు, ఇద్దరు బిడ్డలు. తెల్ల కాగితముపై వ్రాసికొన్న కొనుగోలు ఒడంబడిక తప్ప ఆమె చేతిలో మరి యే దస్తావేజును లేదు. ఇంటిపన్ను ఏటేట కట్టుచున్నది. రసీదులన్నియు గుడ్డసంచిలో పదిలముగా నున్నవి. నల్లాకై దరఖాస్తు పెట్టగా రిజిస్టరైన పత్రము తెమ్మని త్రిప్పి పంపిరి. “పన్ను కట్టించుకొనునప్పుడు ఇల్లు నాదే నంటిరి, నీ ళ్ళడిగినప్పుడు ఇల్లు ఎవరిదమ్మా అనుచున్నారు, వకీలు సాబ్, ఇదెక్కడి న్యాయము?” అని ఆమె యడిగినది. ఇరువదేండ్ల వకాలతులో ఇంతకంటె సూటియైన వాదమును నేను విని యెరుగను.

ఆమె యడిగిన ప్రశ్నకు చట్టమే సమాధానము చెప్పుచున్నది. అనుమతి లేని కట్టడముపై సైతము పన్ను విధించుటకు మన పురపాలక చట్టమున వీలు కలదు. ఆ పన్ను కట్టినంత మాత్రమున కట్టడము సక్రమమై పోదు, కట్టినవానికి హక్కు సంక్రమింపదు. పన్ను పుచ్చుకొనుట హక్కును ఒప్పుకొనుట కానప్పుడు, నీ రిచ్చుట మాత్రము హక్కును ఒప్పుకొనుట ఎట్లగును? మరియు 2020లో వచ్చిన భవనానుమతుల చట్టము ప్రకారము 75 చదరపు గజములలోపు స్థలమున చిన్న ఇల్లు కట్టుకొనువానికి అనుమతియే అక్కరలేదు. ఒక రూపాయి చెల్లించి నమోదు చేయించుకొనిన చాలును. అంతకు మించిన స్థలములలో సైతము ఒక హద్దు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణనే నమ్ముచున్నారు. ఇల్లు కట్టుకొనుటకు నమ్మదగిన మనిషి, ఆ యింట నీరు త్రాగుటకు నమ్మరానివాడా?

శక్కరునగరు సంగతి తలచుకొనుడు. ఒకప్పుడు ఆసియా ఖండమునందే పెద్దదని పేరొందిన కర్మాగార మది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమున పడినది. 2015 డిసెంబరులో మూతపడినది. కొలువు కంపెనీది, క్వార్టరు కంపెనీది యని జీవించిన కార్మికుడు ఆ రెండును పోయి అద్దె గదికి చేరినచో హక్కు పత్రము ఎక్కడినుండి తెచ్చును? యజమాని సంతకము పెట్టనిచో ఆ కుటుంబము దాహముతో నుండవలెనా? చెరకు గానుగాడిన చేతులకు చెంబెడు నీరు దక్కుటకు ఇంటి యజమాని దయ కావలెనా?

దీనికి కార్యాలయములవారు ఒక ఆక్షేపణ చెప్పుదురు. చెరువు శిఖములలో, ప్రభుత్వ భూములలో గుడిసె వేసికొన్నవానికి నల్లా యిచ్చినచో, దానినే సాక్ష్యముగా చూపి భూమి తనదని వాదించుననియు, ఆక్రమణలకు అది ప్రోత్సాహమగు ననియు. ఈ భయము నిరాధారము కాదు. మా కోర్టులలో అట్టి వాదములు వినవచ్చుచునే యుండును. కాని దానికి మందు నీటిని ఆపుట కాదు. ఈ కలుపు భూమిపై ఎట్టి హక్కును కలిగింపదని దరఖాస్తుపైనను రసీదుపైనను ముద్ర వేసిన చాలును. బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2014 డిసెంబరులో ఇట్టి వివాదమునే పరిష్కరించినది. గుడిసె చట్టవిరుద్ధమైనను అందున్న మనుష్యునికి నీటిని బొత్తుగా నిరాకరింపరాదనియు, ఇతరులతో సమానముగా కాకపోయినను ఏదో యొక రీతిని అందింపవలసినదే యనియు తీర్పు చెప్పినది. రాజ్యాంగము 21వ అధికరణమున హామీ యిచ్చిన జీవించు హక్కు నీరు లేక నిలువదు గదా.

ఇక రెండవ కొనకు వత్తము. భారత ప్రభుత్వపు ప్రజారోగ్య ఇంజనీర్ల కొలత యొకటి కలదు. మురుగు కాలువలు లేని పట్టణమున మనిషికి దినమునకు 70 లీటర్లు, అవి యున్న పట్టణమున 135 లీటర్లు నీరు ఇయ్యవలె నని వా రేర్పరచిరి. ఈ భేదమున ఎంత అర్థ మున్నదో చూడుడు. మురుగు పోవు దారి లేనిచోట నీరు ఎక్కువ యిచ్చుట ఉపకారము కాదని దాని భావము. ఇచ్చిన నీటిలో ఇంచుమించు 80 వంతులు మురుగై తిరిగి వచ్చునని వారి లెక్క. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు వచ్చినచో 540 లీటర్లు బయటికి పోవలెను. 2011 జనాభా లెక్కలలో నిజామాబాదు పట్టణపు జనసంఖ్య 3 లక్షల 11 వేలు, బోధనుది 77 వేలు దాటినవి. ఇన్ని ఇండ్ల మురుగు ఎక్కడికి పోవుచున్నది? వీధి మోరీకి, మోరీనుండి వాగునకు, వాగునుండి చివరకు గోదావరికి. ఏ తల్లికి పుష్కరములలో మ్రొక్కుచున్నామో ఆ తల్లికి ఏడాది పొడవునను మనము సమర్పించు నైవేద్య మిది.

అది దూరపు సంగతి యనుకొందురేమో. దగ్గరి సంగతియే వినుడు. మన నల్లా గొట్టములు పెక్కుచోట్ల మోరీని దాటి ఇంటిలోనికి వచ్చుచున్నవి. నీరు గడియో రెండు గడియలో విడిచి ఆపుదురు. ఆపినప్పుడు గొట్టము ఖాళీ యగును. అతుకు వదలినచోట మోరీ నీరు లోనికి జొరబడును. పైగా నల్లాకు నేరుగా మోటారు బిగించువారు గొట్టములోని నీటినే కాక చుట్టునున్న మురుగును సైతము లాగుదురు. మరునాటి ఉదయము మొదటి బిందెలో వచ్చు రంగు నీటి రహస్య మిదియే. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరులో కలుషితమైన నల్లా నీరు త్రాగి పలువురు మరణించిరి. 1854లో లండను నగరమున కలరా ప్రబలినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు దాని మూలము ఒక వీధి పంపునందున్నదని గుర్తించెను. దాని బావి ప్రక్కనే ఒక ఇంటి మురుగు గుంట కారుచుండినట్లు పిమ్మట తేలినది. ఇంటి వెనుక మురుగు గుంట, దానికి పది అడుగులలో బోరు త్రవ్వించుకొని నిశ్చింతగా నుండు మన మిత్రులు ఈ కథను ఒకసారి చదువవలెను.

ఇంగ్లండు ఆ పాఠమును చట్టముగా వ్రాసికొన్నది. 1875 నాటి ప్రజారోగ్య చట్టమున రెండు సూత్రములు జంటగా నున్నవి. తన ఇంటి మురుగును ఊరి కాలువలో కలుపుకొనుట నివాసికి హక్కు. నూరు అడుగులలోపల కాలువ యుండియు కలుపుకొననివానిచేత కలిపించుట స్థానిక సంఘమునకు అధికారము. హక్కును విధియు ఒకే త్రాటికి రెండు పురులు. మనకు ఈ రెండవ పురి తెగిపోయినది. నిజామాబాదులో భూగర్భ మురుగు కాలువల పని మొదలై ఏండ్లు గడచినవి; వీధులు త్రవ్విరి, పూడ్చిరి, మరల త్రవ్విరి. కాని వీధిలో గొట్టము పడుట వేరు, ఇంటికి కలుపు పడుట వేరు. కలుపు లేని గొట్టము భూమిలో పాతిన ప్రజాధనము.

నిధులు లేవని చెప్పుట సులభము. 1980లో రత్లాం పురపాలక సంఘము సుప్రీం కోర్టులో ఆ మాటనే చెప్పినది. పురజనుల ఆరోగ్యమును కాపాడు విధినుండి ధనలేమి మిషతో తప్పించుకొనరాదని న్యాయమూర్తి కృష్ణయ్యరు తీర్పు వ్రాసిరి. ఆ వ్యాజ్యము కదలినది గొప్ప వకీళ్ళవలన కాదు. దుర్గంధము భరింపలేని వీధివాసులు మేజిస్ట్రేటునకు పెట్టుకొన్న అర్జీవలన. నాడు 133వ సెక్షనుగా నుండిన ఆ అధికారము 2024 జులైనుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా నిలిచియున్నది. మన వీధులవారికి ఆ ద్వారము తెరచియే యున్నది. రాజధానికి 1908 నాటి మూసీ వరద పిదప విశ్వేశ్వరయ్యగారు మురుగు కాలువల ప్రణాళిక వ్రాసిరి. 2021 జనవరినుండి రాజధాని ఇండ్లకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితమైనది. జిల్లా పట్టణములు ఉచితమును కోరుట లేదు, కలుపును కోరుచున్నవి.

కాని నింద యంతయు కార్యాలయముపై మోపి మనము చేతులు కడుగుకొనుట తగదు. మూడంతస్తుల మేడ కట్టి, చలువరాళ్ళు పరచి, మరుగుదొడ్డి గొట్టమును రాత్రివేళ వీధి మోరీలోనికి వదలినవాడు ఎవడు? మనలోని చదువుకొన్నవాడే. 1896లో రాజకోటలో ప్లేగు భయము పుట్టినప్పుడు గాంధీగారు ఇంటింటి మరుగుదొడ్లను పరీక్షించు సంఘమున చేరిరి. పేదలు అభ్యంతరము చెప్పలేదనియు, పెద్దలే తనిఖీని నిరాకరించి రనియు, అంటరానివారని త్రోసిపుచ్చినవారి ఇండ్లే శుభ్రముగా నుండె ననియు వారు తమ ఆత్మకథలో వ్రాసికొనిరి. నూటముప్పది యేండ్లు కావచ్చినను ఆ తనిఖీ మన వీధులలో ఇంకను ముగియలేదు.

ఆ మేడల గుంట నిండినప్పుడు దానిలోనికి దిగు మనిషి ఎవడు? 2013 చట్టము మనిషిచేత మలమెత్తించుటను, రక్షణ సామగ్రి లేక మురుగు గుంటలోనికి దింపుటను నేరమన్నది. అందు చనిపోయినవారి కుటుంబమునకు 10 లక్షలు చెల్లింపవలెనని 2014లో సుప్రీం కోర్టు ఆదేశించినది; 2023 అక్టోబరులో ఆ మొత్తమును 30 లక్షలు చేసినది. పరిహారము పెరుగుట న్యాయమే. కాని మరణము తప్పుట ధర్మము. ప్రతి ఇల్లును కాలువలో కలిసి, కాలువను యంత్రము శుభ్రపరచిననాడే ఆ ధర్మము నెరవేరును.

కావున నే కోరునది స్వల్పము. నివాసమునకు ఋజువున్న ప్రతి కుటుంబమునకు, హక్కు పత్రముతో పని లేక, నల్లా నియ్యవలెను. అది భూమి హక్కు కాదని వ్రాసి యియ్యవలెను. అద్దెకున్నవాని దరఖాస్తును యజమాని సంతకము లేదని త్రిప్పి పంపరాదు. నల్లా, మురుగు కలుపులకు ఒకే దరఖాస్తు, ఒకే గడువు ఉండవలెను. గడువులోపల కారణము చూపక ఆపిన ఉద్యోగి జవాబుదారి కావలెను. కాలువ పడిన వీధిలో పేదయింటి కలుపును పురపాలకము తన ఖర్చుతో వేయవలెను. స్తోమతుండియు కలుపుకొనని మేడవానికి మొదట నోటీసు, పిదప జుల్మానా తప్పరాదు. నల్లా గొట్టము మోరీని దాటు ప్రతిచోటును వార్డువారీగా పరీక్షించి మార్పింపవలెను.

వాచనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులారా! రాజకీయములను గూర్చి మనము గడియలకొద్ది వాదింతుము. ఆ వాదమునుండి ఒక గడియ యెత్తి మీ వీధిలో ఎన్ని ఇండ్లకు నల్లా లేదో, ఎన్ని ఇండ్ల మురుగు మోరీలో పడుచున్నదో లెక్క వ్రాయుడు. ఆ లెక్కను వార్డు సభ్యుని చేతికిచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనుడు. ఆ జాబితాలో మొదటి పేరు మన యింటిదే యైనచో, మొదట ఆ గొట్టమును సరిచేసి పిదప ఇతరుల తలుపు తట్టుదము. బీడీలు చుట్టు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు కార్యాలయము జవాబు చెప్పువరకు మనము విశ్రమింపరాదు.