ఒంటరి యాత్రికులకు ఇద్దరి బిల్లు

యూరప్ టూర్ ప్రకటనల్లో ధర పెద్ద అంకెల్లో ఉంటుంది. పక్కనే ఓ చుక్క గుర్తు. దాన్ని పట్టుకుని పేజీ అడుగుకు వెళ్తే, కళ్లజోడు సర్దుకుని చదవాల్సిన అక్షరాల్లో అసలు సంగతి బయటపడుతుంది: ఇద్దరు ఒకే గది పంచుకుంటేనే ఈ ధర. ఒక్కరే వస్తే 'సింగిల్ సప్లిమెంట్' పేరుతో అదనంగా కట్టాలి. ఎంత కట్టాలో చాలా ప్రకటనల్లో ఉండదు, ఫోన్ చేసి అడగాలి. అడిగితే అవతలి గొంతు ముందు వేసే ప్రశ్న: "మీతో ఎవరూ రావట్లేదా మేడమ్?"

ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ఈ ప్రశ్న ఎదుర్కొనేవాళ్లకు కొదవలేదు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, సివిల్స్ చదువు వదిలి గురుగ్రామ్‌లో కన్సల్టెంట్‌గా కుదురుకున్న అబ్బాయి, పిల్లలు అమెరికా వెళ్లిపోయాక ద్వారకాలో మిగిలిన రిటైర్డ్ ఉద్యోగి... వీళ్లకు సంపాదన ఉంది, తిరగాలన్న కోరికా ఉంది. సెలవులు మాత్రం తక్కువ. స్నేహితులకు, తమకు ఒకేసారి సెలవు దొరకడం అంతకన్నా అరుదు. అందుకే వీళ్లు ఒంటరిగా వెళ్లి జట్టుగా తిరగాలనుకుంటారు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. దారిలో తోడుండాలి, ఆ తోడు ఇంటి నుంచే రావాలని మాత్రం లేదు.

ఆ తోడు అమ్మకంలో ఢిల్లీ ఎప్పుడో ఆరితేరింది. శుక్రవారం రాత్రి కశ్మీరీ గేట్, మజ్నూ కా టీలా, అక్షర్‌ధామ్ మెట్రో స్టేషన్ దగ్గర నిలబడితే చాలు, విషయం కళ్లకు కడుతుంది. వీపున బ్యాగులు వేసుకుని ఒకరినొకరు ఎరగని కుర్రకారు వోల్వోలు, టెంపో ట్రావెలర్లు ఎక్కుతుంటారు. కసోల్, జిభీ, రిషీకేశ్, చోప్తా... సోమవారం ఉదయానికి మళ్లీ ఆఫీసు. ముందురోజు పుట్టిన వాట్సాప్ గ్రూపులో 'ట్రిప్ కెప్టెన్' పేరు, బస్సు నంబరు వస్తాయి. గది ముగ్గురికో నలుగురికో కలిపి ఇస్తారు. అమ్మాయిలు అమ్మాయిలతో, అబ్బాయిలు అబ్బాయిలతో ఉంటారు. ఒంటరిగా వచ్చినందుకు జరిమానా ఉండదు, ఎందుకంటే బస్సులో సగం మంది అలా వచ్చినవాళ్లే. గురుగ్రామ్‌లోని వాండర్‌ఆన్ లాంటి సంస్థలు ఇలా కొండల్లో మొదలుపెట్టి ఇప్పుడు వియత్నాం, బాలి, యూరప్ దాకా జట్లను పంపుతున్నాయి.

ఇది స్టార్టప్‌లు కనిపెట్టిన విద్య అనుకుంటే పొరపాటు. ఢిల్లీ చాణక్యపురిలో రాయబార కార్యాలయాల నడుమ యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కార్యాలయం ఉంది. ఈ సంస్థ దశాబ్దాలుగా హిమాలయ ట్రెక్కులు నడుపుతోంది. కసోల్ బేస్ క్యాంపు నుంచి సర్ పాస్ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ బోలెడుమంది. ఎవరి పేరు వారు నమోదు చేసుకుంటారు, గుడారం మాత్రం అందరిదీ. అసలు యూత్ హాస్టల్ అనే ఆలోచనే యూరప్‌ది. జర్మనీలోని ఆల్టెనా కోటలో 1912లో తొలి శాశ్వత హాస్టల్ తెరిచారు. గదికి కాకుండా మంచానికి ధర కట్టడంతోనే ఒంటరివాడి సమస్య సగం తీరిపోయింది.

మిగతా సగాన్ని తీర్చింది జాన్ ఆండర్సన్ అనే న్యూజీలాండ్ కుర్రాడు. లండన్‌లో దిగిన అతనికి యూరప్ చూడాలని ఉంది, వెంట ఎవరూ లేరు. 1962లో పన్నెండు సీట్ల మినీబస్సు సంపాదించి, ముక్కూమొహం తెలియనివాళ్లను పోగుచేసుకుని పన్నెండు వారాలు తిరిగాడు. కాంటికీ సంస్థ అలా పుట్టింది. అంటే యూరప్‌లో యువతకు గ్రూప్ టూర్లు అమ్మే ఈ పేరుమోసిన కంపెనీ ఒంటరివాడి అవసరం నుంచే వచ్చింది. కుటుంబాల కోసం కాదు, జంటల కోసం అంతకన్నా కాదు.

మన దగ్గర మాత్రం కథ తిరగబడింది. మన సంప్రదాయ యూరప్ టూరు కుటుంబాన్ని చూసి కుట్టిన చొక్కా. పది రోజుల్లో ఏడు దేశాలు, పొద్దున్నే బఫే, మధ్యాహ్నం బస్సు, రాత్రి ఇండియన్ డిన్నర్. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఒంటరి మనిషి ఐదో కుర్చీ. ఐఫిల్ టవర్ కింద అందరి కుటుంబ ఫొటోలూ తీసిపెట్టే ఉద్యోగం కూడా ఆ మనిషిదే. దీనికి తోడు సింగిల్ సప్లిమెంట్. గదిలో ఒక్కరున్నా ఇద్దరున్నా హోటలు అద్దె ఒకటేనన్న కంపెనీల వాదన కాదనలేనిది. అయితే అదే కంపెనీ ఒంటరిగా వచ్చిన ఇద్దరు మహిళలను ఒక గదిలో కలపగలదు, ఒంటరి గదులున్న హోటలు వెతకగలదు, హాస్టల్‌లో మంచాలు తీసుకోగలదు. ఆ శ్రమ ఎందుకు పడాలి, జంటలు ఎలాగూ వస్తున్నాయి కదా అన్నదే అసలు కారణం.

మినహాయింపులు లేకపోలేదు. సుమిత్రా సేనాపతి 2005లో ఢిల్లీలో స్థాపించిన 'విమెన్ ఆన్ వాండర్‌లస్ట్' మహిళలను మాత్రమే తీసుకెళ్తుంది. సభ్యుల్లో చాలామంది భర్తకు సెలవు దొరకనివాళ్లు, పిల్లలు పెద్దయినవాళ్లు, పెళ్లి చేసుకోనివాళ్లు. 'క్వీన్' సినిమా వచ్చింది 2014లో. రాజౌరీ గార్డెన్ రాణి ఆగిపోయిన పెళ్లి తాలూకు హనీమూన్ టికెట్లతో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే జనం థియేటర్లలో చప్పట్లు కొట్టారు. సేనాపతి అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆడవాళ్లను అలా ఊళ్లు తిప్పుతున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రాణికి దొరికింది హాస్టల్ గదిలో మంచం, ముగ్గురు అపరిచితుల స్నేహం. మన ప్యాకేజీ టూర్లు అమ్మనిది సరిగ్గా ఇదే.

మరి కసోల్‌కు వెళ్లినట్టు వారాంతంలో యూరప్ వెళ్లిరావడం కుదిరే పనేనా? గడియారం ప్రకారం కుదురుతుంది. ఢిల్లీ టెర్మినల్ 3 నుంచి అర్ధరాత్రి దాటాక యూరప్ విమానాలు బయల్దేరతాయి. మధ్య యూరప్‌కు మనకు వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా. శుక్రవారం రాత్రి ఆఫీసు ముగించుకుని ఎక్కితే శనివారం ఉదయం ఫలహారం వేళకు దిగొచ్చు. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం, సోమవారం పొద్దున్నే ఢిల్లీ. అయితే పాకిస్తాన్ 2025 ఏప్రిల్ 24న మన విమానాలకు గగనతలం మూసేయడంతో ఎయిర్ ఇండియాకు దారి దూరమైంది. కొత్తగా వచ్చిన ఎంట్రీ-ఎగ్జిట్ వ్యవస్థ వల్ల యూరప్ ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంజెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో కూడా ఇవ్వాలి. రెండు రోజుల కోసం రానూపోనూ పదకొండు వేల కిలోమీటర్లు ఎగరడం పర్యావరణానికి మంచిదా అంటే కాదు, ఒంటికీ మంచిది కాదు. లాంగ్ వీకెండ్‌కు ఒక రోజు సెలవు జతచేసి నాలుగు రోజులు చేసుకుంటే అర్థముంది. 2025లో ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది, 2026లో అక్టోబరు 2 శుక్రవారమే.

గడియారం ఒప్పుకున్నా వీసా ఒప్పుకోవాలి. గురువారం అనుకుని శుక్రవారం కసోల్ బస్సెక్కే తరహా ఇక్కడ పనికిరాదు. ప్రయాణానికి కనీసం పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, ఆరు నెలల ముందు నుంచీ పెట్టొచ్చు. శివాజీ స్టేడియం మెట్రో స్టేషన్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రానికి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను రిటర్నులు, ఆఫీసు ఇచ్చే సెలవు లేఖ, 30 వేల యూరోల బీమా పట్టుకుని వెళ్లాలి. 2024 జూన్ 11 నుంచి రుసుము 90 యూరోలు. రెండు రోజులకైనా ఇరవై రోజులకైనా అంతే. 2024లో భారత్‌లో వచ్చిన 11 లక్షలకు పైగా షెంజెన్ దరఖాస్తుల్లో దాదాపు 1.65 లక్షలు తిరస్కరణకు గురయ్యాయి. వీసా రాకపోతే రుసుము పోయినట్టే. టూరు అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో కంపెనీ రాసుకున్న షరతులే చెప్పాలి.

ఇక్కడే చిన్న టూరుకు అనుకూలమైన విషయం ఒకటుంది. యూరోపియన్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో భారతీయుల కోసం నిబంధన మార్చింది. మూడేళ్లలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇవ్వొచ్చు. ఆ లెక్కలో నాలుగు రోజుల ప్రయాణమూ, పదిహేను రోజుల ప్రయాణమూ సమానమే. ఏడు దేశాలు ఒకేసారి మింగేయకుండా, ఇప్పుడొక నగరం, వచ్చే ఏడాది ఇంకో నగరం చూసినవాళ్లే ఐదేళ్ల వీసాకు ముందు చేరతారు. ఏజెంట్లు ఈ సంగతి ఎందుకు చెప్పరో ఊహించడం కష్టం కాదు.

షెంజెన్ వీసా తలనొప్పి లేకుండా యూరప్ అంచు దాకా వెళ్లేలా ఇండిగో 2023 ఆగస్టులో ఢిల్లీ నుంచి జార్జియాలోని తిబిలిసికి, అజర్‌బైజాన్‌లోని బాకుకు విమానాలు మొదలుపెట్టింది. గ్రూప్ ట్రిప్ కంపెనీలు ఎగబడ్డాయి. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ తర్వాత అజర్‌బైజాన్, తుర్కియే పాకిస్తాన్ పక్షాన మాట్లాడడంతో గాలి మారింది. గురుగ్రామ్‌లోని ట్రావెల్ పోర్టల్ ఇక్సిగో ఆ దేశాల బుకింగ్‌లు ఆపేసింది. వారం రోజుల్లో బుకింగ్‌లు 60 శాతం తగ్గి, రద్దులు 250 శాతం పెరిగాయని మేక్‌మైట్రిప్ ప్రకటించింది. అడ్వాన్సు కట్టే ముందు రద్దు షరతులు చదవాలనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

సరే, వీసా వచ్చింది. ఏ నగరానికి వెళ్లాలి? ఒంటరి మనిషికి, అందులోనూ మొదటిసారికి, వియన్నా లాంటి ఊరు బాగుంటుంది. విమానాశ్రయం నుంచి సీఏటీ రైలు పదహారు నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది. రింగ్ రోడ్డు మీద ట్రామ్ ఎక్కితే పార్లమెంటు, ఒపెరా, రాజభవనాలు కిటికీలోంచే పలకరిస్తాయి. శనివారం నాష్‌మార్క్ట్ సంత, పక్కనే పాత సామాన్ల అంగడి. ఆదివారం మాత్రం దుకాణాలు బంద్, సంత కూడా ఉండదు. ఈ ఒక్క ముక్క తెలియక ఆదివారానికి షాపింగ్ పెట్టుకున్న టూరిస్టులు తాళాలు చూసి తిరిగొస్తారు. ఆదివారం మ్యూజియాలది. కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో మరెక్కడా లేనన్ని ఉన్నాయి. గ్రూపు వెంట నడిచేవాళ్లకు 'బాబెల్ గోపురం' ముందు రెండు నిమిషాలు దొరికితే గొప్ప. ఒంటరిగా వెళ్తే అరగంట నిలబడినా అడిగేవాళ్లుండరు.

స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే చోట్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి, టికెట్టూ చవకే. నలభై మంది బస్సు బృందాన్ని ఏ టూర్ మేనేజరూ ఆ వరుసకు తీసుకెళ్లడు. ఒక్కరికైతే దొరుకుతుంది. ఆ ఊరి కాఫీ హౌసుల సంస్కృతిని ఆస్ట్రియా 2011లో యునెస్కో ఒప్పందం కింద తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఒక కాఫీ, పక్కన గ్లాసు మంచినీళ్లు, ఒక పత్రిక పెట్టుకుని గంటలు కూర్చున్నా లేవమనరు. ఒంటరిగా కూర్చున్నవాళ్లను జాలిగా చూడని ఊరు అది. మన ఊళ్లలో హోటల్లో ఒక్కరే భోంచేస్తున్న ఆడపిల్లను పక్క బల్లవాళ్లు ఎలా చూస్తారో వేరే చెప్పాలా?

అలాంటప్పుడు జట్టు ఎందుకు? వీసా కాగితాల కోసం, రాత్రి పదిన్నరకు హోటలుకు నడిచేటప్పుడు తోడు కోసం, జ్వరమొస్తే తలుపు తట్టేవాళ్ల కోసం, రాత్రి భోజనంలో నలుగురితో కబుర్ల కోసం. పగలు ఎవరి దారి వారిది, రాత్రి అందరిదీ ఒకే బల్ల. ఒంటరి యాత్రికులకు కావాల్సిన గ్రూప్ టూర్ ఇదే. యూరప్ నగరాలు కూడా ఇదే కోరుతున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ 2020లోనే గైడ్ వెంట నడిచే బృందాలను 15 మందికి పరిమితం చేసింది. వెనిస్ 2024లో 25 మందికి మించొద్దని, లౌడ్‌స్పీకర్లు వాడొద్దని చెప్పింది. నలభై మందిని జెండా వెనక నడిపించే కాలం అక్కడ అయిపోతోంది, మన కంపెనీలు ఇంకా ఆ బస్సే అమ్ముతున్నాయి.

ఢిల్లీ కంపెనీలకు ఇది కొత్త చదువేమీ కాదు. కసోల్‌కు చేస్తున్నదే వియన్నాకు చేయాలి. ఒకే నగరం, పదిహేను మంది, పగలు ఖాళీ, గది పంచుకోవడానికి సరిజోడును వెతికిపెట్టే బాధ్యత కంపెనీది. జోడు దొరక్కపోతే అదనపు డబ్బు యాత్రికుల నెత్తిన రుద్దకూడదు. పర్యాటక మంత్రిత్వ శాఖ కూడా ఒక చిన్న పని చేయొచ్చు. తన గుర్తింపు పొందిన టూర్ ఆపరేటర్లు ఒక్కరి ధరను, ఇద్దరి ధరను ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన అచ్చు వేయాలని నిబంధన పెడితే చాలు. దానికి ఖర్చు లేదు, చట్టసవరణా అక్కర్లేదు.

అంతవరకూ, అడ్వాన్సు కట్టబోయే ఒంటరి యాత్రికులకు ఒక మాట. ఒక్కరికి మొత్తం ఎంతవుతుందో, కంపెనీ ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) కలిపి, ముందే రాతపూర్వకంగా అడగండి. ఆ టీసీఎస్ ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కాబట్టి రసీదు దాచుకోండి. గది ఎవరితో పంచుకోవాలో, వీసా రాకపోతే ఎంత వెనక్కిస్తారో రాసివ్వని కంపెనీకి పైసా కట్టకండి.