వంతెన తెగితే ఏ గోదాము?

రాయలసీమ అనగానే ప్రభుత్వ ఫైళ్లకు గుర్తొచ్చేది కరువు. పశుగ్రాసం, నీళ్ల ట్యాంకర్లు, ఉపాధి పనులు వంటి అవసరాలు వారాల ముందే కనిపిస్తాయి. వరద ఆ వ్యవధి ఇవ్వదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేసిన శ్రీశైలానికి ఆ రోజుల్లో దాదాపు 25 లక్షలు వచ్చిపడ్డాయి. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి కొట్టుకుపోయినంత పనైంది. ఒకటి రెండు రోజులకే కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలింది. సహాయం చేరవేసే లెక్కలో అసలు చిక్కు ఈ కూలిన వంతెనే.

గోదాము ఎక్కడ పెట్టాలి, ఏ లారీ ఏ వరుసలో ఊళ్లు తిరగాలి అనేవాటికి గణిత పద్ధతులు దశాబ్దాలుగా ఉన్నాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఎక్కడుండాలో తేల్చడానికి 1964లో హకీమీ అనే పరిశోధకుడు రాసిన పత్రంలో రెండు దారులున్నాయి: మొత్తం దూరాన్ని తగ్గించడం, లేదా అందరికంటే దూరాన ఉన్నవారి దూరాన్ని తగ్గించడం. ఏది ఎంచుకోవాలో గణితం చెప్పదు, పాలకులు చెప్పాలి. తొమ్మిది ఊళ్లు గోదాముకు 5 కిలోమీటర్లలో, పదోది ఏటి అవతల 40 కిలోమీటర్ల చుట్టుదారిలో ఉన్నాయనుకుందాం. సగటు 8.5 కిలోమీటర్లు. సమీక్షా సమావేశంలో చూపించుకోవడానికి ముచ్చటైన అంకె. పదో ఊరికి మాత్రం అన్నం పొట్లాలు పాచిపోయాక చేరతాయి.

అదీ చుట్టుదారి మిగిలితేనే. మామూలు నమూనా రోడ్ల పటాన్ని ఉన్నదున్నట్టు నమ్ముతుంది. మన ఏళ్ల మీద అలా నమ్మితే కుదరదు. ఒక్కో వంతెననూ పటంలోంచి తీసేసి లెక్క మళ్లీ కట్టాలి. ఒకే జలాశయం కింద ఉన్నవాటిని ఒకేసారి తీసేయాలి. ఏది పోయినా ఏటికి రెండు గట్లమీదా బియ్యం, తాగునీరు ఉండాలి. దీనికి గోదాములు ఎక్కువ కావాలి, సరుకు కొంత ఊరికే పడి ఉంటుంది. చౌక దుకాణాల ద్వారా తిప్పుతూ ఉంటే నష్టం తగ్గుతుంది. అయినా ఆడిట్ అభ్యంతరాలు వస్తాయి. రానివ్వాలి.

సమాచారం లేదనడానికీ వీల్లేదు. ఎండాకాలం ట్యాంకర్లు తోలే డ్రైవర్లకు ఏ దారి ఎంత బరువు మోస్తుందో, ఏ వంకలో చక్రం దిగబడుతుందో తెలుసు. కరువు కోసం కట్టిన ట్రిప్పుల లెక్కలు వరదకూ పనికొస్తాయి, ఎవరైనా అడిగితే.

ఈ పని వరద రాత్రి అయ్యేది కాదు. జలాశయం గేటు మొరాయిస్తున్నప్పుడు కలెక్టరు కంప్యూటర్ ముందు కూర్చోలేరు. ఆగస్టుకల్లా లెక్క ముగించి, ఫలానా వంతెన పోతే ఫలానా ఊళ్లకు ఏ గోదాము, ఏ దారి అన్నది మండలానికో కాగితంలో రాసి తహసీల్దారుకు ఇవ్వాలి. ఒక ప్రతి గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. తమ ఊరిని వరుసలో చివర పెట్టారని తెలిస్తే, వాన పడకముందే అడిగే హక్కు ఆ ఊరివాళ్లకు ఉంటుంది.