గంజి కాచిన చేతుల సాక్ష్యము ఎవరు చెబుతారు?



కరోనా రోజులు గడిచిపోయాయి. మన దివిసీమ సంఘములలో ఆ రోజుల సాక్ష్యములు మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉన్నాయి. "ఆక్సిజన్ 80కి పడిపోయింది, అందరూ ఆశ వదులుకున్నారు, ప్రభువే లేపాడు" అని ఒక సహోదరుడు కన్నీళ్లతో చెబుతాడు. సంఘమంతా స్తోత్రము అంటుంది. మేమూ అంటాము. ఆయన లేపకపోతే లేచేవారము కాము, అది సత్యము. అయితే ఆ సాక్ష్యములలో ఒక లోటు కనబడుతోంది. ఆ 14 రోజులూ గుమ్మము దగ్గర కంచము పెట్టినవారు అందులో ఉండరు. గంజి కాచినది ఎవరు, పక్కబట్టలు వేడినీళ్లలో ఉడకబెట్టినది ఎవరు, రాత్రి రెండు గంటలకు లేచి వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూసినది ఎవరు, ఆ సంగతి ఎవరూ చెప్పరు. వారు స్త్రీల వైపు కూర్చుని, తలమీద కొంగు కప్పుకొని, అందరితో పాటు స్తోత్రము అంటారు. అంతే.

ఇంటిలో జరిగిన ఆ సేవను మనము పరిచర్యగా లెక్కపెట్టడం లేదు. లెక్కపెట్టాలి అన్నది మా మాట. లెక్కపెట్టి ఊరుకోక, పురుషులు కూడా ఆ పనికి చెయ్యి వేయాలి అన్నది దాని వెంబడి వచ్చే మాట.

ఒకసారి ఆ రోజులు జ్ఞాపకము చేసుకొందాము. 2020 మార్చి 22 ఆదివారము జనతా కర్ఫ్యూ. 25 నుండి లాక్‌డౌన్. ఏప్రిల్ 10 శుభ శుక్రవారము, 12 పునరుత్థాన పండుగ, రెండూ ఇళ్లలోనే జరుపుకొన్నాము. జూన్ 8న ప్రార్థనా మందిరముల తలుపులు తిరిగి తెరుచుకొనే వరకు ఆరాధన ఫోనులోనే. మందిరము మూతపడింది గాని పొయ్యి మూతపడలేదు. పైగా దాని మీద బరువు పెరిగింది. బడులు మూసేశారు గనుక, పిల్లలకు బడిలో పెట్టే మధ్యాహ్న భోజనము కూడా ఇంటి పొయ్యి మీదికే వచ్చింది. పట్నములలో పనులు పోయి తిరిగి వచ్చిన కొడుకులు, అల్లుళ్లు వచ్చి చేరారు. కంచాలు పెరిగాయి, రాబడి పోయింది.

కృష్ణమ్మ సముద్రములో కలిసే మన హంసలదీవి చుట్టుపక్కల వేట మీద బ్రతికే కుటుంబములు ఎన్నో మీకు తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రములో మర పడవల వేట నిషేధము. ఆ సంవత్సరము దానిని మే 31 వరకు, 47 రోజులకు తగ్గించారు. కాని నిషేధము రాకముందే లాక్‌డౌన్ వలన వల ఒడ్డున పడి ఉంది. అప్పుడు ఇల్లు నడిపినది ఎవరు? డిపోలో మనిషికి 5 కిలోల చొప్పున ఇచ్చిన ఉచిత బియ్యము, దానితో పాటు కిలో పప్పు. పెరటిలోని తోటకూర, గోంగూర, మునగాకు. డబ్బాలో దాచుకొన్న ఎండు మెత్తళ్లు. వీటితో నెల నెట్టుకొచ్చిన తల్లులు మన మధ్యనే ఉన్నారు. ఐదు రొట్టెలు రెండు చేపల అద్భుతము మీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. ఉన్న కొంచెమును పదిమందికి సర్దడం ఎంత కష్టమో వారికి తెలిసినట్టు ప్రసంగించే మనకు తెలియదు.

2021లో రెండవసారి వచ్చినప్పుడు సంగతి వేరు. అప్పుడు ఆకలి కంటే రోగమే ముందు వచ్చింది. మే 5 నుండి మన రాష్ట్రములో మధ్యాహ్నము 12 దాటితే కర్ఫ్యూ. ఉదయము 6 నుండి 12 లోపల అన్నీ అయిపోవాలి. ఆ ఆరు గంటలలోనే కోడూరులో సరుకులు, అవనిగడ్డలో మందులు, తిరిగి వచ్చి వంట, రోగికి కషాయము, ఆవిరి, జావ. వేరే గదిలో ఉంచమని అందరూ చెప్పారు. మన ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఒక్క గదే. రోగికి ఆ గది ఇచ్చి మిగతావారు వసారాలో, చెట్టు కింద పడుకొన్నారు. వంట చేసే మనిషికే వాసన, రుచి పోయిన ఇళ్లు ఉన్నాయి. కూర వాసన తెలియదు, ఉప్పు కారము తెలియదు. చేతి కొలతతో ఉప్పు వేసి, "సరిపోయిందా?" అని పిల్లలను అడిగి వండిపెట్టారు. ఒంట్లో జ్వరము ఉండగానే పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఎందుకంటే ఆ ఇంట్లో గంజి కాచడం తెలిసిన రెండవ మనిషి లేడు.

మన పెద్దలు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను మరచిపోలేదు. ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన ఆ దుఃఖములో మిగిలినవారు ఒకరినొకరు పట్టుకొని ఏడ్చారు, ఒక్క చోట వండుకొని తిన్నారు, ఎక్కడెక్కడివారో వచ్చి మనకు అన్నము పెట్టారు. కరోనా ఆ ఓదార్పును కూడా తీసివేసింది. ఎవరి ఇల్లు వారిదే. ఆ ఇంటిలో మోయవలసిన బరువంతా చాలా చోట్ల ఒక్క స్త్రీ మీదనే పడింది.

ఇప్పుడు వాక్యము దగ్గరకు వద్దాము. మార్కు సువార్త 1వ అధ్యాయములో సీమోను అత్త జ్వరముతో పడి ఉంది. ప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేవనెత్తాడు, జ్వరము వదిలింది, ఆమె వారికి పరిచర్య చేసింది. ఈ భాగమును చాలామంది, స్వస్థపడిన స్త్రీ వెంటనే పనిలోకి దిగాలి అన్నట్టు బోధిస్తారు. వరుస చూడండి. ఆ ఇంటికి వచ్చిన నలుగురు జాలరులు ముందుగా ఆమె సంగతి ప్రభువుతో చెప్పారు. ప్రభువు ముందుగా ఆమె చెయ్యి పట్టుకొన్నాడు. భోజనము సంగతి ఆ తరువాత. జ్వరము వదిలిన తరువాతే ఆమె లేచింది. మన ఇళ్లలో జ్వరము వదలకముందే లేచారు. లేపినది ప్రభువు కాదు, మన ఆకలి.

ఇంకొక సంగతి ఉంది. అక్కడ పరిచర్య అనడానికి గ్రీకులో వాడిన మాట, అదే అధ్యాయములో అరణ్యమందు దేవదూతలు ప్రభువుకు చేసిన పరిచర్యకు వాడిన మాట ఒక్కటే. దేవదూతలు చేసినదానికీ ఆ అత్తగారు చేసినదానికీ ఆత్మ దేవుడు వేరువేరు పేర్లు పెట్టలేదు. మనము ఎందుకు పెడుతున్నాము? ప్రసంగము పరిచర్య, పాట పరిచర్య, వంట మాత్రం ఇంటి పని!

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడండి. విధవరాండ్రకు అనుదిన ఆహారము సరిగా అందడం లేదని సణుగు వచ్చింది. సంఘము ఆ పని మీద ఏడుగురిని నియమించింది. ఏడుగురూ పురుషులే. ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారు కావాలని వెతికి మరీ ఏర్పరచుకొన్నారు. మొదటి హతసాక్షి స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. అన్నము పెట్టే పని స్తెఫనుకు తక్కువ కాలేదు.

యోహాను సువార్త 21వ అధ్యాయము మన పాలకాయతిప్ప ఒడ్డున బ్రతికే సహోదరులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. రాత్రంతా వల వేసి అలసిపోయి ఒడ్డుకు వచ్చిన మనిషికి కావలసినది వేడి వేడిగా నాలుగు ముద్దలు. చావును గెలిచి లేచిన ప్రభువు, ఆ పొద్దున్నే నిప్పులు సిద్ధము చేసి, వాటి మీద చేపలు ఉంచి, రొట్టెతో పాటు తన చేతితో వారికి పంచిపెట్టాడు. పునరుత్థానుడైన ప్రభువుకు పొయ్యి దగ్గర కూర్చోవడం నామోషీ కాలేదు.

సంఘ చరిత్రలో కూడా ఈ లోటు ఉంది. 1527లో విట్టెన్‌బర్గులో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథరు ఊరు విడిచి వెళ్లలేదు. మహమ్మారి నుండి పారిపోవచ్చునా అని ఆయన రాసిన ఉత్తరమును కరోనా రోజులలో లోకమంతటా బోధకులు తిరిగి చదివారు. ఆ దినములలో ఆయన ఇల్లే ఆసుపత్రి అయింది. ఆ ఇల్లు నడిపిన ఆయన భార్య కేథరీనా అప్పుడు గర్భవతి. ఉత్తరము అందరికీ జ్ఞాపకము. ఆమె పేరు ఎంతమందికి జ్ఞాపకము?

మా మాట అతిశయోక్తి అనుకొంటే 2019లో మన దేశ ప్రభుత్వము చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతము లేని ఇంటి పనిలో పాల్గొనే స్త్రీలు 100కు 81 మంది, పురుషులు 26 మంది. చేసేవారిలో స్త్రీ రోజుకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు. ఇది రోగము రాకముందు లెక్క.

పురుషులు బయట కష్టపడతారు కదా అని కొందరు అంటారు. నిజమే. మన స్త్రీలు కూడా నాట్లకు వెళ్తారు, చేపల గంప ఎత్తుతారు, రొయ్యలు ఒలుస్తారు. వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తారు. కరోనాలో గడప గడప తిరిగిన ఆశా కార్యకర్తలు కూడా సాయంత్రము ఇంటికి వెళ్లి వంట చేసినవారే. ఆ రోజులలో భార్య పడిపోతే వంట నేర్చుకొన్న భర్తలు ఉన్నారు, అరుగు మీద క్యారియరు పెట్టి వెళ్లిన పొరుగువారు ఉన్నారు, ముసలివారికి మందులు తెచ్చిపెట్టిన యౌవనస్థులు ఉన్నారు. వారిని బట్టి దేవునికి స్తోత్రము. వారు కొద్దిమందే కావడమే మా బాధ.

మహిమ దేవునికే గాని మనుష్యుల పేర్లు ఎందుకు అని మరికొందరు అడుగుతారు. రోమా పత్రిక 16వ అధ్యాయము తెరవండి. పౌలు ఫీబేతో మొదలుపెట్టి వరుసగా పేర్లు చెప్పాడు. రూఫు తల్లిని తనకు కూడా తల్లి అన్నాడు. ఆ తల్లి ఆయనకు ఏమి చేసిందో అక్కడ లేదు. తల్లులు చేసేది ఏమిటో మనకు తెలుసు. పేరు చెప్పినందుకు దేవుని మహిమ ఏమీ తగ్గలేదు.

కాబట్టి సంఘముల ముందు నాలుగు మాటలు పెడుతున్నాము. సాక్ష్యము చెప్పేటప్పుడు దేవునికి మహిమ చెల్లించి, ఆయన వాడుకొన్న చేతుల పేరు కూడా చెప్పండి. భార్య అయితే భార్య, కోడలు అయితే కోడలు.

సంఘములో ఒక సహోదరి మంచము పడితే, పురుషుల కూడిక ఆ ఇంటి భోజనము వంతులు వేసుకోవాలి. ప్రార్థనకు పదిమంది వెళ్తే ఆ జ్వరములోనే ఆమె లేచి టీ పెట్టబోతుంది. "వద్దమ్మా" అంటే చాలదు. వెళ్లేటప్పుడే ఫ్లాస్కు, క్యారియరు చేతిలో ఉండాలి.

వేసవి బైబిలు తరగతులలో మగపిల్లలకు వాక్యముతో పాటు గంజి కాయడం, రాగి జావ, మిరియాల చారు, ఓఆర్ఎస్ కలపడం నేర్పండి. ఒక్క పూట చాలు.

నాలుగవది, పిల్లలు హైదరాబాదులోనో విదేశములలోనో ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దలు ప్రతి ఊరిలో ఉన్నారు. వారి బీపీ మాత్రలు, షుగరు మందులు, ఆసుపత్రి తేదీ గుర్తుపెట్టుకొనే యౌవనస్థుని ఒక్కొక్కరికి అప్పగించండి. ఇది మహమ్మారి ఉన్నా లేకపోయినా ఆగని అవసరము.

ఇంకొక రోగము రావచ్చు, తుపాను రావచ్చు. సముద్రము పక్కన ఉన్నవారము, మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అప్పుడు మన ప్రతి ఇంటిలో గంజి కాచడం తెలిసిన రెండవ మనిషి ఉండాలని, మంచము పట్టిన తల్లి జ్వరము వదిలే వరకు నిశ్చింతగా పడుకోగలగాలని మా ప్రార్థన.

తీరమున నిప్పులు రాజేసి తన వారికి భోజనము సిద్ధము చేసిన ప్రభువు మీ ఇంటి పొయ్యిని, దాని దగ్గర నిలబడిన ప్రతి చేతిని దీవించును గాక. ఆమేన్.