బోను ఒక్కటే చాలదు

గోదావరిఖని క్వార్టర్లలో సింటెక్స్ ట్యాంకు మూత మీద బండరాయి పెట్టక తప్పదు; పెరట్లో జామచెట్టు ఉన్నా పిందె దక్కదు. కోతులను పట్టి అడవిలో వదిలేయమంటారు జనం. కోపం న్యాయమైనదే, కానీ ఏ అడవిలో? సింగరేణి బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ తవ్విన చోట చెట్టు పోయి, తవ్విపోసిన మట్టితో ఓబీ గుట్ట లేచింది. ఆ గుట్టను పచ్చగా చూపించే నీలగిరి చెట్టు కోతి కడుపు నింపదు. మేడి, మర్రి, తునికి లేని చోట వదిలిన గుంపు దగ్గరి ఊరి మక్కచేనులో తేలుతుంది. సమస్యకు పక్క ఊరికి బదిలీ ఉత్తర్వు ఇచ్చినట్టే.

2020 డిసెంబరులో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు. అవసరమే. అయితే ఆపరేషన్ అయిన కోతి తినడం మానదు. హిమాచల్ ప్రదేశ్ లక్షకు పైగా కోతులకు ఈ ఆపరేషన్ చేసినా అక్కడి రైతుల మొర ఆగలేదు. అసలు పట్టు తిండి దగ్గరుంది. జిబ్రాల్టర్‌లో సందర్శకులు కోతులకు తిండి పెడితే జరిమానా. ఇక్కడ ఆంజనేయస్వామి పేరు చెప్పి అరటిపళ్లు పంచుతాం, మెస్సుల ఎంగిళ్లు మూతలేని కుండీల్లో పోస్తాం. భక్తికి ఎవరూ అడ్డు కాదు, గుడి మెట్ల మీద పంచడానికే అభ్యంతరం. పండ్ల చెట్లు పెంచితే కోతులు ఇంకా పెరుగుతాయన్న వాదన ఉంది. చెత్త అలాగే వదిలేస్తే అది నిజమే. అందుకే ముందు మున్సిపాలిటీ కుండీలకు మూతలు వేయాలి, ఆ వెంటే కాలనీలకు దూరంగా ఉన్న గుట్టల మీద సింగరేణి సంస్థ మేడి, రావి నాటాలి.