నడినెత్తిపై పూలపండుగ

చెర్రీపండ్లు తినుచు గింజ పారవేయుటకు మనసొప్పక, దానిని కూడ మ్రింగిన లోభి యొకని నడినెత్తిపై చెట్టు మొలిచినదనియు, ఎన్నిమారులు కత్తిరించినను అది మరల చిగిర్చుచుండగా విసిగి విడిచిపెట్టెననియు, వసంతము రాగానే అది విరగబూయ, జనమెల్ల ఆ తలపైకి పూవులు చూడవచ్చి త్రాగి తందనాలాడిరనియు, ఆ రొద భరింపలేక ఆతడు చెట్టును వేళ్ళతో పెల్లగింపగా తలలో గొయ్యి పడి, అది వాననీటితో నిండి చెరువై, చేపలు పట్టువారును ఈతలాడువారును చేరి మునుపటికంటె మిక్కుటముగా అల్లరి చేయగా, తుదకా లోభి తన తలపైని చెరువులో తానే దూకి చచ్చెననియు జపానువారి పాత హాస్యకథ యొకటి కలదు. దాని పేరు 'అతామయామా', తలకొండ.

యమమురా కోజీ అను చిత్రకారుడు 2002వ సంవత్సరమున ఈ కథను నేటి టోక్యో నగరమునకు మార్చి, పదినిమిషముల యానిమేషన్ చిత్రముగా చేతిగీతలతో నిర్మించెను. మరుసటి యేడు ఫ్రాన్సుదేశపు ఆన్సీ ఉత్సవమున అది లఘుచిత్రములలో అగ్రబహుమానము నందెను. ఆస్కారు తుదిజాబితాకును ఎక్కెను గాని, ఆ బహుమతి 'ది చబ్‌చబ్స్' అను అమెరికా చిత్రమునకు పోయెను. బహుమానముల ముచ్చట ఇంతటితో చాలు; నాకు కావలసినది చూచువారి మొగము.

బంధువుల యింట పెద్దలును పిల్లలును కూడి ఈ చిత్రమును చూచుచుండగా, నేను తెరను విడిచి వారినే గమనించితిని. మొదట అంతయు నవ్వులే. చింతగింజ మ్రింగినచో కడుపులో చెట్టు మొలుచునని పెద్దలచే బెదిరింపబడి పెరిగిన వారము గనుక, గింజ మొలకెత్తుట మనకు వింతగా తోపదు. లోభి మొలకను కత్తిరించును, అది మరల లేచును, మరల కత్తిరించును. ఈ తంతు సాగుచుండగా, చాపపై కూర్చున్న పదేండ్ల పిల్ల చేయి, ఆమె యెరుగకయే, పాపిటలోనికి పోయి అచటనే నిలిచిపోయెను. పెదవులపై నవ్వు చెదరలేదు. వ్రేళ్ళు మాత్రము దేనినో వెదకుచునే యున్నవి. "ఛీ, ఇదేం బొమ్మే, తీసెయ్యి" అని మేనత్త కసరెనేగాని, తాను మాత్రము కన్ను త్రిప్పలేదు.

ఆ 'ఛీ' అనుదానికి మనవారు నాట్యశాస్త్రమున ఎన్నడో చోటు చూపిరి. జుగుప్స స్థాయిగా గల బీభత్సమును భరతుడు ఎనిమిది రసములలో నొకటిగా నెంచి, రక్తాదులవలన పుట్టునది క్షోభజమనియు, మలము, పురుగులు మున్నగువానివలన పుట్టునది ఉద్వేగి యనియు విభజించెను. అయితే ఈ చిత్రము తన బలమునకై రక్తమును నమ్ముకొనలేదు, పురుగులను పిలువలేదు. తెరనిండ పూవులు, పాటలు, వనభోజనము. ఇక జుగుప్స యెక్కడినుండి వచ్చినది? మన శరీరమున మన కంటికి నేరుగా కనబడని చోట్లలో మన నడినెత్తి యొకటి. పరులు దానిని చూతురు. మనము తడిమి తెలిసికొనవలసినదే. ఎన్నడును చూడని ఆ చోటును పరులు విహారస్థలముగా చేసికొని, అనుమతి మాట యటుండగా, క్రింద నొక మనుష్యుడున్నాడను తలంపైన లేక ఎంగిలాకులు విసరుచుండుట చూచినప్పుడు, దేహము మనదను నిశ్చయము ఒక్క క్షణము సడలును. ఆ పిల్ల వ్రేళ్ళు ఆ నిశ్చయమునే వెదకినవని నా యూహ.

ఈ కథ పుట్టినది రకుగో అను కళయందు. కథకుడు దిండుపై మోకరిల్లి కూర్చుండి, విసనకఱ్ఱయు చేతిగుడ్డయు తప్ప వేరు పరికరము లేక, అన్ని పాత్రలను తానొక్కడే పలుకును. తన తలపైని చెరువులో తానే దూకుట యెట్లని వినువాడు చిత్రించుకొన ప్రయత్నించి, అది కుదరక నవ్వును. ఆ కుదరకపోవుటయే కథకు ప్రాణము. చిత్రకారునకు ఆ సౌకర్యము లేదు, ఆతడు చూపియే తీరవలెను. ఈ చిత్రమున కునిమోతో తకెహరు అను గాయకకథకుడు షమిసెన్ అను వాద్యమును మీటుచు ఎంత హుషారుగా చెప్పుచున్నను, తొంగిచూచువాని చెరువులో తొంగిచూచు వాడే మరల కనబడి, ఆ వరుసకు అడుగు లేకుండుట చూచి ఆ యింట నవ్వు ఆగిపోయెను. చెవికి హాస్యమైనది కంటికి భయానకమైనది.

ఇదే యమమురా 2007లో కాఫ్కా 'పల్లె వైద్యుడు' కథను తీసినపుడు, మనుష్యుల తలలు ఉబ్బుచు, అవయవములు సాగుచు కుంచించుకొనుచు నుండును. ఆ కథలోని బాలుని ప్రక్కనున్న గాయమున పురుగులు కదలును. అది భరతుని లెక్కకు సరిపడు బీభత్సమే. కాని నాకు అది తక్కువ భయంకరము. పురుగు కనబడినచో కన్ను మూసికొనవచ్చును. పూచిన చెట్టును చూచి కన్ను మూసికొనువా రెవరు?

ఇట్టి చిత్రములు పిల్లలకు తగవని గృహస్థులును, ఇది లోభమునకు శిక్షయని విమర్శకులును చెప్పుదురు. ఇరువురికిని ఆ 'ఛీ' నుండి త్వరగా బయటపడవలెననియే తొందర. లోభమే నేరమైనచో, ఇంతటి శిక్షకు గింజ యొకటి మ్రింగుట మిక్కిలి చిన్న అపరాధము. చెట్టుక్రింద త్రాగి చిందులు వేసిన వారికి ఏ శిక్షయు పడలేదు గదా! ఆ పిల్ల నీతిని అడుగలేదు. "ఆ నీళ్ళలో చేపలు వాడివేనా, పట్టినవాళ్ళవా?" అని మాత్రము అడిగినది. మేనత్త జవాబు చెప్పలేదు, నేనును చెప్పలేదు. చలనచిత్ర సంఘములవారు ఈ పదినిమిషముల బొమ్మకు ముందు అరగంట ఉపన్యాసము పెట్టుట మానుకొని, చూపిన పిమ్మట ఇట్టి ప్రశ్నలకు కొంత వ్యవధి యిచ్చినచో బాగుండును.

— తటస్థుడు