రోజూ ఒకేలా మోగితేనే మళ్లీ పిలుస్తారు

కాలేజీ ఫెస్ట్‌లో గిటార్ వాయించి చప్పట్లు కొట్టించుకోవడం వేరు. రిసెప్షన్లకూ, కార్పొరేట్ షోలకూ డబ్బు తీసుకుని వాయించడం వేరు. ఉద్యోగం వెతుక్కుంటూనే లైవ్ బ్యాండ్‌లో చేరాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ట్యూబ్ యాంప్ కొనాలా, డిజిటల్ మోడలర్ కొనాలా? సరదా కోసమైతే మీ ఇష్టం. పని కోసమైతే మాత్రం నా ఓటు మోడలర్‌కే.

ట్యూబ్ యాంప్ గొప్పదనాన్ని కాదనలేం. ఫెండర్ ట్విన్ రివర్బ్, వాక్స్ ఏసీ30, మార్షల్... పాత రాక్ రికార్డుల్లో విని మనం మోజుపడిన ధ్వని చాలావరకు ఇలాంటి యాంపులదే. గట్టిగా మీటితే గరగరలాడుతూ, మెల్లగా మీటితే శుభ్రంగా పలికే ఆ స్పందన వేళ్లకు తెలుస్తుంది. కానీ అది పూర్తిగా రావాలంటే పవర్ ట్యూబులు కష్టపడేంత వాల్యూమ్ పెట్టాలి. రెండొందల మంది భోంచేస్తున్న హాల్లో అంత మోత మోగిస్తే ఊరుకుంటారా? వాల్యూమ్ తగ్గిస్తే, మీరు దేనికోసం అంత డబ్బు పోశారో అదే పోతుంది.

ఇంకో చిక్కు కరెంటు. చాలా ట్యూబ్ యాంపుల్లో ట్యూబులకు వెళ్లే హై వోల్టేజీకి నియంత్రణ ఉండదు. ప్లగ్గులో 230 వోల్టులు 200కి పడితే లోపలా దాదాపు అదే నిష్పత్తిలో పడుతుంది. ఫంక్షన్ హాల్ జనరేటర్ మీద టోన్ మెత్తబడితే అది మీ వేళ్ల తప్పు కాదు. వాడేకొద్దీ ట్యూబులూ అరుగుతాయి. ముందు పెట్టిన మైకు ఒక్క అంగుళం జరిగినా ధ్వని మారిపోతుంది. పైగా ట్విన్ రివర్బ్ బరువు దాదాపు 29 కిలోలు! లైన్ 6 హెచ్ఎక్స్ స్టాంప్ కిలో పైచిలుకే. గిటార్ బ్యాగు అరలో పెట్టుకుని బస్సెక్కొచ్చు. మోడలర్ అంటే బొమ్మ అని తీసిపారేసే రోజులూ పోయాయి. మెటాలికా అంతటి బ్యాండే ఫ్రాక్టల్ ఆక్స్-ఎఫ్ఎక్స్‌తో టూర్లు చేసింది.

అలాగని పెట్టె కొనగానే టోన్ నిలకడగా వచ్చేయదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రాత్రి గదిలో, తక్కువ సౌండ్‌లో ప్యాచ్ తయారుచేస్తారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగా ఆనవు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే గదిలో ఆ రెండూ పెంచేస్తాం. అదే ప్యాచ్ స్టేజీ మీద పెద్ద సౌండ్‌లో గుమగుమలాడుతూ, చెవులు కోస్తూ వినిపిస్తుంది. పాటలో గిటార్‌ను నిలబెట్టే మిడ్స్ మాత్రం మాయం. కాబట్టి ప్యాచ్‌లు రిహార్సల్ హాల్లో, డ్రమ్స్ పక్కన, షోలో ఉండేంత సౌండ్‌తోనే ఖరారు చేయండి. క్లీన్, డిస్టార్షన్ లెవెల్స్ సరిచూసి, సోలోకి మూడు డెసిబెల్స్ దాకా పెంచుకుంటే చాలు. గెయిన్ మోజు తగ్గించండి. ఒంటరిగా వాయిస్తే అది బాగానే ఉంటుంది, బ్యాండ్‌లో మునిగిపోతుంది.

సౌండ్ ఇంజినీర్ మీకు ఇచ్చేది కొన్ని నిమిషాలే. హాల్ మారినప్పుడల్లా ప్రతి ప్యాచ్‌నీ కెలకకుండా గ్లోబల్ ఈక్యూతో సర్దుకోండి. మిక్సర్‌కు నేరుగా పంపితే క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉండాలి, గిటార్ క్యాబినెట్‌కు పంపితే ఆఫ్ చేయాలి. ఇది మర్చిపోతే మొదటి సందర్భంలో కందిరీగ రొద, రెండోదాంట్లో దుప్పటి కప్పినట్టు మూగ శబ్దం. మెయిన్స్ నుంచి జనరేటర్‌కు మారే క్షణంలో మోడలర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది, పాట మధ్యలో ఆ నిశ్శబ్దం నరకం. చిన్న యూపీఎస్ వెంట ఉంచుకోండి. ప్యాచ్‌ల బ్యాకప్ ల్యాప్‌టాప్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టుకోండి. షో రోజు ఉదయం మాత్రం ఫర్మ్‌వేర్ అప్‌డేట్ జోలికి వెళ్లకండి.